కొవ్వు తగ్గాలనుకునే మహిళలు ఏ ఇంటర్వెల్ కార్డియోను ఎంచుకోవాలి?

కొవ్వు తగ్గించుకోవాలని నిశ్చయించుకున్న మహిళ ఫోన్‌లో వ్యాయామాల కోసం వెతికితే 4 నిమిషాల టబాటా, 20 నిమిషాల సైకిల్ స్ప్రింట్లు, నార్వే 4×4, అరగంట జపనీస్ నడక వంటి పేర్లు వరుసగా ఎదురవుతాయి. అన్నింటిలోనూ సూత్రం ఒకటే: కొంతసేపు ఆయాసం వచ్చేంత వేగంగా, తర్వాత కొంతసేపు ఊపిరి తేరుకునేంత నెమ్మదిగా, గడియారం చూసుకుంటూ మార్చి మార్చి చేయడం. అయితే ఈ పద్ధతులు వేర్వేరు దేశాలలో, వేర్వేరు వయసుల వారి కోసం, వేర్వేరు ఉద్దేశాలతో రూపొందాయి. వాటిలో కొన్నింటిని కొవ్వు తగ్గించడానికి తయారు చేయనే లేదు. క్రీడాకారుల దమ్ము పెంచడానికి పుట్టిన పద్ధతిని ఇద్దరు పిల్లల తల్లి తన నడుము కొలత తగ్గించుకోవడానికి వాడాలనుకున్నప్పుడు, దాన్ని ఎవరిపై పరీక్షించారో, ఆ పరీక్షలో ఏమి కొలిచారో తెలుసుకోవడం అవసరం.

నా నిర్ణయం ముందే చెబుతాను. వ్యాయామం అలవాటు లేని మహిళలు, ముఖ్యంగా 35 ఏళ్లు దాటినవారు, 3 నిమిషాల ఇంటర్వెల్ నడకతో, అంటే జపనీస్ నడకతో మొదలుపెట్టడం మంచిది. మోకాళ్ల నొప్పులు ఉన్నవారికి, వ్యాయామ సైకిల్ అందుబాటులో ఉన్నవారికి సైకిల్‌పై చేసే రెండు పద్ధతులలో ఒకటి సరిపోతుంది. నార్వే 4×4 ఇప్పటికే అరగంట చురుగ్గా నడవగలిగినవారు తరువాత ఎక్కవలసిన మెట్టు. టబాటాను కొవ్వు తగ్గించే పథకంగా నేను ఎవరికీ సూచించను. ఈ నిర్ణయాలకు కారణాలు కింద వివరిస్తున్నాను.

ముందుగా కొవ్వు లెక్క

2017లో ఒబేసిటీ రివ్యూస్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, అధిక బరువు లేదా ఊబకాయం ఉన్న పెద్దలపై జరిగిన 13 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. తీవ్రమైన ఇంటర్వెల్ వ్యాయామం చేసినవారిలోనూ, ఆగకుండా ఒకే మోస్తరు వేగంతో వ్యాయామం చేసినవారిలోనూ శరీర కొవ్వు, నడుము చుట్టుకొలత దాదాపు సమానంగా తగ్గాయి. ఇంటర్వెల్ పద్ధతికి పట్టిన సమయం మాత్రం సుమారు 40 శాతం తక్కువ. కాబట్టి ఇంటర్వెల్ వ్యాయామం వల్ల నిశ్చయంగా మిగిలేది సమయమే. ఇంటిపని, ఉద్యోగం, పిల్లల చదువుల మధ్య సమయమే కరువైన మహిళకు అది చిన్న లాభం కాదు. అయినా మామూలు నడక కన్నా రెట్టింపు కొవ్వు కరుగుతుందన్న ప్రచారాన్ని మాత్రం నమ్మకూడదు.

కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కిలోకేలరీల శక్తి ఉంటుంది. 65 కిలోల బరువున్న మహిళ అరగంట ఇంటర్వెల్ నడక చేస్తే ఉజ్జాయింపుగా 130 కిలోకేలరీలు ఖర్చవుతాయి. వారానికి 4 రోజుల చొప్పున 4 నెలలు చేస్తే, తిండిలో ఏ మార్పూ లేకుండా, కిలోకు కాస్త ఎక్కువ కొవ్వు తగ్గడానికి సరిపడే శక్తి ఖర్చవుతుంది. అదే బరువున్న మహిళ 4 నిమిషాల టబాటా ఎంత తీవ్రంగా చేసినా ఖర్చయ్యేది 40 కిలోకేలరీల దరిదాపుల్లోనే ఉంటుంది. వ్యాయామం ముగిశాక కూడా గంటల తరబడి కొవ్వు కరుగుతూనే ఉంటుందని చెప్పే ‘ఆఫ్టర్‌బర్న్’ అబద్ధం కాదు కానీ, దాని పరిమాణం వ్యాయామంలో ఖర్చయిన శక్తిలో సుమారు 6 నుంచి 15 శాతం మాత్రమే. 130 కిలోకేలరీల వ్యాయామం తర్వాత అదనంగా దక్కేది ఒక ఇడ్లీ ఇచ్చే శక్తికి మించదు.

ఒక కప్పు అన్నం, అంటే వండిన తర్వాత సుమారు 150 గ్రాములు, దాదాపు 200 కిలోకేలరీలు ఇస్తుంది. అందువల్ల రాత్రి భోజనంలో అన్నాన్ని ఒక కప్పు తగ్గించి ఆ స్థానంలో కూర, పప్పు పెంచడం, సాయంత్రం టీతో పాటు తినే బిస్కెట్లు, మిక్చర్ మానడం ఏ ఇంటర్వెల్ పద్ధతికైనా సమానంగా తోడ్పడతాయి. ఈ మాటను ఇక్కడే చెప్పడానికి కారణం ఉంది. పథకాన్ని ఎంచుకోవడంలో పడే శ్రమ అంతా వ్యాయామం వైపే పోయి, పళ్లెం వైపు చూపు పడకపోతే, కింది పద్ధతులలో ఏదీ ఆశించినంత ఫలితం ఇవ్వదు. పొట్ట దగ్గరి కొవ్వును మాత్రమే ఎంచి కరిగించే వ్యాయామం కూడా లేదు. శరీరం మొత్తంలో కొవ్వు తగ్గే క్రమంలోనే నడుము కూడా తగ్గుతుంది.

3 నిమిషాలు వేగంగా, 3 నిమిషాలు నెమ్మదిగా: జపాన్ నడక

ఈ పద్ధతి జపాన్‌లోని మత్సుమోతో నగరంలో, షిన్షూ విశ్వవిద్యాలయంలో హిరోషి నోసే బృందం చేతిలో రూపుదిద్దుకుంది. 2007లో ప్రచురితమైన వారి అధ్యయనంలో పాల్గొన్న 246 మందిలో 186 మంది మహిళలే, సగటు వయసు సుమారు 63 ఏళ్లు. 3 నిమిషాలు తమ గరిష్ఠ సామర్థ్యంలో 70 శాతానికి తగ్గకుండా వేగంగా, 3 నిమిషాలు 40 శాతం స్థాయిలో నెమ్మదిగా నడుస్తూ, ఆ జతను రోజుకు కనీసం 5 సార్లు, వారానికి కనీసం 4 రోజులు, 5 నెలల పాటు కొనసాగించారు. అంతే కాలం ఒకే మోస్తరు వేగంతో రోజుకు 8,000 అడుగులు నడిచినవారితో పోలిస్తే, ఇంటర్వెల్ నడక చేసినవారిలో తొడ కండరాల బలం, దమ్ము స్పష్టంగా పెరిగాయి, రక్తపోటు ఎక్కువగా తగ్గింది. ఇంటర్వెల్ పద్ధతుల ప్రముఖ పరిశోధనలలో మధ్యవయసు దాటిన మహిళలే అధిక సంఖ్యలో ఉన్న అధ్యయనం ఇది. నా సిఫారసులో దీనికి మొదటి స్థానం దక్కడానికి అది ఒక ముఖ్య కారణం.

ఆ అధ్యయనంలో ప్రధానంగా చూసింది బలం, దమ్ము, రక్తపోటు. కొవ్వు విషయంలో మనకు ఉపయోగపడేది 2013లో డెన్మార్క్ పరిశోధకులు టైప్ 2 మధుమేహం ఉన్నవారిపై ప్రచురించిన అధ్యయనం. అదే 3 నిమిషాల నడకను రోజుకు గంట, వారానికి 5 రోజులు, 4 నెలలు చేసినవారిలో సగటున 4 కిలోలకు పైగా బరువు, అందులో సుమారు 3 కిలోల కొవ్వు తగ్గింది. అంతే శక్తి ఖర్చయ్యేలా ఒకే వేగంతో నడిచినవారిలో అలాంటి మార్పు రాలేదు. పాల్గొన్నవారి సంఖ్య చిన్నదే అయినా, మధుమేహం ఇంటింటి సమస్యగా మారిన మన ప్రాంతానికి ఈ ఫలితం విలువైనది. అరగంట, గంట అన్న తేడాను కూడా గమనించాలి. కొవ్వే లక్ష్యమైతే, అలవాటు పడిన కొద్దీ అరగంటను 45 నిమిషాల వరకు పెంచుకోవడం మంచిది.

చేయవలసిన తీరు సులభం. 5 నిమిషాలు మామూలుగా నడిచి ఒళ్లు వేడెక్కాక, మోచేతులు మడిచి, అంగలు కొంచెం పొడవుగా వేస్తూ 3 నిమిషాలు వేగంగా నడవాలి. ఆ సమయంలో పక్కన ఎవరైనా పలకరిస్తే రెండు మూడు పదాలకు మించి ఏకబిగిన మాట్లాడలేనంత ఆయాసం ఉండాలి. తర్వాతి 3 నిమిషాలలో పూర్తి వాక్యం హాయిగా చెప్పగలిగే స్థితికి రావాలి. మొదటి వారంలో 3 నిమిషాల వేగం కష్టమైతే నిమిషం వేగంగా, 3 నిమిషాలు నెమ్మదిగా నడవవచ్చు. ఉదయం పార్కులలో గుంపుగా కబుర్లు చెప్పుకుంటూ నడిచే మహిళలు ఎందరో ఉన్నారు. ఆ స్నేహం వల్లే చాలామంది నడక మానకుండా ఉంటారు కనుక దాన్ని వదులుకోవలసిన పని లేదు. వేగం వంతు వచ్చినప్పుడు కబుర్లు ఆపి, నెమ్మది వంతులో కొనసాగిస్తే చాలు.

సైకిల్‌పై 8 సెకన్లు, 12 సెకన్లు

మహిళల కొవ్వు తగ్గింపు అనే విషయానికి నేరుగా సంబంధించిన ప్రసిద్ధ అధ్యయనం ఇదే. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 45 మంది యువతులను తీసుకుని, 2008లో ఫలితాలు ప్రచురించారు. ఒక బృందం స్థిర సైకిల్‌పై 8 సెకన్లు శక్తికొద్దీ తొక్కి, 12 సెకన్లు తేలికగా తొక్కుతూ, తక్కువ సమయంతో మొదలుపెట్టి 20 నిమిషాల వరకు పెంచుకుంది. రెండో బృందం 40 నిమిషాల వరకు ఒకే మోస్తరు వేగంతో తొక్కింది. రెండూ వారానికి 3 సార్లు, 15 వారాలు సాగాయి. మొదటి బృందంలో సగటున 2.5 కిలోల కొవ్వు తగ్గింది, రెండో బృందంలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు.

ఈ ఫలితం చూసి చాలామంది శిక్షకులు ఇదే అన్నింటికన్నా గొప్పదని చెబుతారు. నేను అంత దూరం వెళ్లను. పాల్గొన్నవారు ఇరవై ఏళ్ల ప్రాయం యువతులు, బృందాలు చిన్నవి, అందరిలోనూ తగ్గుదల ఒకేలా లేదు. అప్పటికే సన్నగా ఉన్నవారిలో పెద్దగా మార్పు రాలేదు. పైన పేర్కొన్న 2017 సమీక్షలో, పరుగుతో చేసిన శిక్షణలో కొవ్వు బాగా తగ్గినట్లు, సైకిల్‌తో చేసిన శిక్షణలో అలా తగ్గనట్లు తేలింది. సిడ్నీ ఫలితాన్ని దీని పక్కన పెట్టి చూస్తే, ఈ పద్ధతి పనిచేయగలదని, అయితే అందరికీ 2.5 కిలోలు తగ్గుతాయని ఆశపడకూడదని అర్థమవుతుంది.

దీనికి ఉన్న మంచి గుణం మోకాళ్లపై శరీర బరువు పడకపోవడం. 8 సెకన్ల శ్రమ తర్వాత వెంటనే విశ్రాంతి దొరుకుతుంది కనుక మనసుకు కూడా భారం అనిపించదు. ఇబ్బంది ఏమిటంటే, సెకన్లు లెక్కపెట్టడానికి ఫోన్‌లో ఇంటర్వెల్ టైమర్ తప్పనిసరి, సైకిల్ కూడా స్థిరమైనదై ఉండాలి. రోడ్డు మీద వాహనాల మధ్య 8 సెకన్ల స్ప్రింట్లు ప్రమాదకరం. ట్రెడ్‌మిల్‌పై కూడా ఇది కుదరదు, ఎందుకంటే బెల్టు వేగం పెరగడానికే ఆ 8 సెకన్లు పట్టవచ్చు. అమెరికాలో చలికాలం నెలల తరబడి ఇంట్లోనో, అపార్ట్‌మెంట్ జిమ్‌లోనో వ్యాయామం చేయవలసి వచ్చే తెలుగు మహిళలు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. ట్రెడ్‌మిల్ ఉంటే నిమిషాల్లో లెక్కించే పద్ధతులు, సైకిల్ ఉంటే సెకన్లలో లెక్కించే పద్ధతులు ఎంచుకోవడం తెలివైన పని.

నిమిషం వేగం, నిమిషం విశ్రాంతి

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గిబాలా బృందం ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో స్థిర సైకిల్‌పై నిమిషం పాటు గరిష్ఠ గుండె వేగంలో సుమారు 90 శాతానికి చేరేలా శ్రమించి, మరో నిమిషం తేలికగా గడుపుతూ 10 సార్లు చేస్తారు. సన్నాహం, ముగింపు కలిపితే అరగంటలోపే పూర్తవుతుంది. ఈ బృందం 2013లో అధిక బరువున్న 16 మంది మహిళలపై, 6 వారాల పాటు, 18 సార్లు ఈ వ్యాయామం చేయించి, సగం మందికి పరగడుపున, సగం మందికి అల్పాహారం తర్వాత చేయించింది. రెండు బృందాల్లోనూ కొవ్వు కొద్దిగా తగ్గింది, కండరాల సామర్థ్యం పెరిగింది, పరగడుపున చేసినందువల్ల అదనపు లాభం ఏమీ కనిపించలేదు. పరగడుపున చేస్తేనే కొవ్వు కరుగుతుందని నమ్మి కళ్లు తిరుగుతున్నా ఓర్చుకునే మహిళలకు ఈ ఒక్క ఫలితం చెప్పడం కోసమైనా ఈ అధ్యయనాన్ని ప్రస్తావించాలి. అరటిపండు తిని, అరగంట ఆగి చేయడంలో నష్టమేమీ లేదు. వారానికి 3 రోజులకు మించి సమయం లేని, 20 నుంచి 40 ఏళ్ల మధ్య ఆరోగ్యవంతులకు ఇది సరిపోయే ఎంపిక.

నార్వే 4×4

ట్రాండ్‌హైమ్‌లోని నార్వే విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయంలో అభివృద్ధి చెందిన ఈ పద్ధతిలో 10 నిమిషాల సన్నాహం తర్వాత, గరిష్ఠ గుండె వేగంలో 85 నుంచి 95 శాతం వరకు చేరేలా 4 నిమిషాలు, మధ్యలో 70 శాతం స్థాయిలో 3 నిమిషాలు తేలికగా, మొత్తం 4 వంతులు చేస్తారు. 2007లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనంలో 8 వారాలకు దమ్ము 7 శాతానికి పైగా పెరిగింది, అయితే అందులో పాల్గొన్నవారు అందరూ పురుషులు. గుండె సామర్థ్యం పెంచడంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. కొవ్వు విషయంలో మాత్రం ఇతర పద్ధతుల కన్నా మెరుగని చెప్పడానికి ఆధారం లేదు.

గుండె వేగం లెక్కించేటప్పుడు మహిళలు ఒక సవరణ చేసుకోవాలి. 220 నుంచి వయసు తీసివేసే పాత లెక్కకు బదులు, 2010లో మార్తా గులాటి బృందం 5,000 మందికి పైగా మహిళల పరీక్షల ఆధారంగా, వయసును 0.88తో హెచ్చించి 206 నుంచి తీసివేయాలని ప్రతిపాదించింది. 40 ఏళ్ల మహిళకు పాత లెక్క 180 చూపితే, ఈ లెక్క సుమారు 171 చూపుతుంది. అంటే ఆమెకు 4×4లో లక్ష్యం 145 నుంచి 162 మధ్య. పాత లెక్కతో నడిచే చేతిగడియారం ఆమెను 171 వరకు, అంటే కొత్త లెక్క ప్రకారం ఆమె గరిష్ఠం దాకా తరుముతుంది, ఆమె అది చేరలేక తనలో లోపం ఉందని బాధపడుతుంది. రక్తపోటుకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లు వాడేవారిలో నాడి మామూలుగా పెరిగినంత పెరగదు కనుక, వారికి ఏ లెక్కా పనికిరాదు. మాట్లాడగలిగే స్థితిని బట్టే శ్రమను అంచనా వేసుకోవాలి.

టబాటా గురించి

1996లో జపాన్ పరిశోధకుడు ఇజుమి టబాటా ప్రచురించిన అధ్యయనం, ఆ దేశపు స్పీడ్ స్కేటింగ్ జట్టు శిక్షకుడు ఇరిసావా కోయిచి వాడిన పద్ధతిని పరీక్షించింది. శారీరక విద్య చదువుతున్న యువకులు ప్రత్యేకమైన సైకిల్‌పై, తమ శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్‌తో చేయగలిగే శ్రమకు 170 శాతం తీవ్రతతో 20 సెకన్లు తొక్కి, 10 సెకన్లు ఆగి, ఇక కాళ్లు కదలని స్థితి వచ్చేవరకు 7 లేదా 8 సార్లు చేశారు. 6 వారాలలో వారి దమ్ము పెరిగింది, ఆక్సిజన్ సరిపోని తీవ్రశ్రమను ఓర్చుకునే శక్తి 28 శాతం పెరిగింది. ఆ అధ్యయనం లక్ష్యం క్రీడాకారుల దమ్ము పెంచడం. కొవ్వు తగ్గించడం అందులో లేనే లేదు. వీడియోలలో సంగీతానికి అనుగుణంగా చేసే గెంతులు, బర్పీలు, స్క్వాట్‌లకు టబాటా అని పేరు పెట్టినా, 20-10 సెకన్ల విభజన తప్ప అసలు పద్ధతికి వాటికి పోలిక లేదు. పైగా అలసిన శరీరంతో గెంతడం వల్ల మోకాళ్లకు, చీలమండలకు, ప్రసవమైన మహిళలలో మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని కింది నుంచి మోసే కటి కండరాలకు దెబ్బ తగలవచ్చు. అందుకే దీన్ని నేను జాబితాలో చివరన ఉంచాను. 4 నిమిషాలలో పని అయిపోతుందన్న ఆశతో మొదలుపెట్టి, నొప్పితో వారంలో మానేసి, వ్యాయామం తమకు పడదని నిశ్చయించుకునే మహిళల గురించి నాకు నిజంగా ఆందోళన ఉంది.

మీ శరీరం పెట్టే షరతులు

పథకం ఎంచుకునే ముందు ఒక రక్తపరీక్ష చేయించుకోవాలని గట్టిగా చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల భారతీయ మహిళలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణులు కాని మహిళలలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే దాన్ని రక్తహీనతగా పరిగణిస్తారు. అలాంటి స్థితిలో మెట్లెక్కితేనే గుండె దడదడలాడుతుంది, తీవ్రమైన ఇంటర్వెల్ వ్యాయామం ఫలితం ఇవ్వకపోగా మనిషిని నీరసపరుస్తుంది. నెలసరిలో రక్తస్రావం అధికంగా ఉండే మహిళలు ముందుగా దానికి వైద్యం చేయించుకుని, హిమోగ్లోబిన్ పెరిగేవరకు తేలికపాటి నడకకే పరిమితం కావాలి. థైరాయిడ్ పరీక్ష కూడా అప్పుడే చేయించుకుంటే, బరువు తగ్గకపోవడానికి వేరే కారణం ఉందేమో తెలుస్తుంది.

ప్రసవం తర్వాత పరుగు, గెంతులతో కూడిన వ్యాయామాన్ని కనీసం 12 వారాల వరకు మొదలుపెట్టకూడదు, సిజేరియన్ అయినవారికీ ఇదే వర్తిస్తుంది. ఆ తర్వాత కూడా దగ్గినప్పుడో, గెంతినప్పుడో మూత్రం చుక్కలుగా పడుతుంటే, అది సిగ్గుపడి దాచుకోవలసిన విషయం కాదు. కటి కండరాలు ఇంకా కోలుకోలేదని అర్థం. నడక లేదా సైకిల్ పద్ధతినే ఎంచుకుని, ఫిజియోథెరపిస్టును కలవాలి. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్న యువతులకు ఫలానా వ్యాయామమే శ్రేష్ఠమని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పలేదు. క్రమం తప్పకుండా చేయగలిగిన ఏ రకమైనా ప్రయోజనకరమే అన్నాయి. నెలసరి దశలకు అనుగుణంగా వ్యాయామం మార్చాలని చెప్పే ఖరీదైన పథకాలకు డబ్బు పెట్టనవసరం లేదు. నొప్పి, రక్తస్రావం ఎక్కువగా ఉన్న రోజున తేలికగా చేసి, మిగతా రోజుల్లో మామూలుగా కొనసాగిస్తే సరిపోతుంది.

ముట్లుడిగిన తర్వాత కండరం వేగంగా తరుగుతుంది కనుక, ఆ వయసు మహిళలు ఇంటర్వెల్ నడకతో పాటు వారానికి 2 రోజులు బలం పెంచే వ్యాయామాలు తప్పక చేర్చుకోవాలి. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి పుషప్‌లు, నీళ్ల సీసాలు ఎత్తడంతో మొదలుపెట్టవచ్చు. మాంసకృత్తులు రోజుకు శరీర బరువులో కిలోకు కనీసం 0.83 గ్రాములు ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. 65 కిలోల మహిళకు అది సుమారు 54 గ్రాములు. అన్నం, పచ్చడి, పలుచని చారుతో సరిపెట్టుకునే భోజనంలో అది అందదు కనుక పప్పు, గుడ్లు, పెరుగు, చేపలు, శనగలు పెంచుకోవాలి. మధుమేహానికి ఇన్సులిన్ లేదా సల్ఫోనైల్యూరియా మాత్రలు (గ్లిమెపిరైడ్ వంటివి) వాడేవారు, గుండెజబ్బు ఉన్నవారు, అధిక రక్తపోటు అదుపులో లేనివారు వైద్యుణ్ణి అడగకుండా వేగం జోలికి వెళ్లకూడదు. వ్యాయామ సమయంలో ఛాతీలోనో, దవడలోనో, ఎడమ చేతిలోనో నొప్పి, కళ్లు తిరగడం, అసాధారణమైన చెమట కనిపిస్తే ఆగిపోయి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చోటు, వేళ, ఎండ

చాలామంది మహిళలకు పథకాన్ని నిర్ణయించేది దొరికే చోటే. చీకటి పడ్డాక రోడ్డు మీద నడవలేనివారు డాబాపై నడుస్తారు. పొట్టి డాబాపై పది అడుగులకో మలుపు తిరగవలసి వస్తే వేగం పుంజుకోదు. అలాంటి చోట వేగం వంతులో నిలుచున్న చోటే మోకాళ్లు పైకెత్తి కదం తొక్కడం, నెమ్మది వంతులో నడవడం కుదురుతుంది. 4×4కు పొడవైన దారి, ఎత్తు పెంచుకునే ట్రెడ్‌మిల్ లేదా ఎగువకు వెళ్లే రోడ్డు కావాలి. మెట్లు కూడా వాడవచ్చు కానీ, దిగడంలో మోకాళ్లపై భారం ఎక్కువ కనుక నొప్పి ఉన్నవారు మెట్లను వదిలేయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 7 గంటలు దాటాక, కోస్తా ఉక్కపోతలో సాయంత్రం వేళ కూడా, నాడి అదే శ్రమకు మామూలు కన్నా ఎక్కువగా కొట్టుకుంటుంది. ఆ రోజుల్లో ఒక వంతు తగ్గించుకోవడం సరైన నిర్ణయం. చెప్పులతో వేగంగా నడవకూడదు. బట్టలకు పెట్టే డబ్బు తగ్గించి మంచి బూట్లకు పెట్టాలి.

ఎంచుకున్నాక 12 వారాలు

ఏ పద్ధతి ఎంచుకున్నా 12 వారాలు మానకుండా చేయాలని నా సలహా. నడకను ఎంచుకున్నవారు మొదటి 4 వారాలు దాన్ని వారానికి 4 రోజులు చేసి, తర్వాతి 8 వారాలలో దమ్ము పెరిగితే అందులో ఒక రోజును 4×4 కిందనో, నిమిషం-నిమిషం పద్ధతి కిందనో మార్చుకోవచ్చు. అంతకన్నా ఎక్కువ రోజులు తీవ్రమైన వ్యాయామం చేయడం వల్ల అలసట పెరుగుతుంది, ఆకలి పెరుగుతుంది, ఇంటి పనిలోని కదలిక తగ్గుతుంది. ఇంటర్వెల్ లేని రోజుల్లో మామూలు నడకతో, వారంలో చురుకైన కదలిక 150 నిమిషాలకు తగ్గకుండా చూసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే కనీస పరిమాణం అదే.

ఫలితాన్ని తూకం యంత్రంతో రోజూ చూసుకోవద్దు. నెలసరికి ముందు నీరు నిలవడం వల్లనే కిలో, కిలోన్నర తేడా రావచ్చు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైభాగానికి మధ్య, ఉదయం పూట, మామూలుగా ఊపిరి వదిలాక, రెండు వారాలకొకసారి టేపుతో నడుము కొలుచుకుని రాసుకోవాలి. భారతీయ మహిళలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలన్నది వైద్యుల లెక్క. 12 వారాలకు నడుము 2 సెంటీమీటర్లయినా తగ్గి, అదే దారిలో అదే ఆయాసంతో మునుపటి కన్నా ఎక్కువ దూరం నడవగలుగుతుంటే పథకం పనిచేస్తోంది, దాన్ని మార్చకండి. దూరం పెరిగి నడుము మాత్రం తగ్గకపోతే, మరింత కఠినమైన పద్ధతి కోసం వెతకడానికి ముందు ఒక వారం పాటు తిన్న ప్రతిదాన్ని, వంట చేస్తూ రుచి చూసినవి, పిల్లలు వదిలేసినవి కూడా కలిపి, కాగితం మీద రాయండి. దూరం, నడుము రెండూ మారకపోతే వేగం వంతులో మీరు నిజంగా ఆయాసపడుతున్నారో లేదో చూసుకోండి. అది సరిగానే ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఫలితాలతో వైద్యుణ్ణి కలవండి.